ఆడినంతసేపూ

లూడో పటం లేని తెలుగు ఇల్లు ఇప్పుడు అరుదు. నాలుగు రంగుల గళ్ళు, నాలుగు మూలలా నాలుగేసి కాయలు, ఆరు పడితే గానీ గడప దాటని పంతం. 1896లో ఇంగ్లండులో పేటెంటు పుచ్చుకున్న ఈ ఆట మన పచ్చీసుకు బిడ్డ. అక్బరు కట్టించిన ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో నేల మీద పరిచిన పచ్చీసు పటాన్ని ఇవాళ్టికీ చూడవచ్చు. గవ్వలు పోయి పాచిక వచ్చింది, నడక కాస్త తేలికపడింది, లాటిన్ పేరొకటి పెట్టుకుని ఆ ఆట తిరిగి మన ఇళ్ళకే చేరింది. 'లూడో' అంటే ఆ భాషలో 'ఆడుతున్నాను' అని. ఆ వేరు నుంచే ఇంగ్లీషులో 'లూడిక్' అనే విశేషణం పుట్టింది. ఫ్రెంచి దారిన వచ్చి 1940 ప్రాంతంలో ఇంగ్లీషులో కుదురుకున్న మాట. బజారులో వినపడదు. సాహిత్య విమర్శకులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, పిల్లల చదువు గురించి ఆలోచించేవాళ్ళు వాడుతుంటారు.

నవ్వు మొహాన్ని, గెంతే దూడను, చిలిపి పిల్లను ఇంగ్లీషువాళ్ళు 'ప్లేఫుల్' అంటారు. 'లూడిక్'కు ఆ చిలిపితనం తప్పనిసరి కాదు. ఒక పనో, రచనో, వేడుకో, ఆలోచనో ఆటకుండే లక్షణాలతో నడిస్తే దానికి ఈ విశేషణం తగిలిస్తారు. ఎవరూ బలవంతపెట్టకుండా దిగాలి. బయటి లాభం కోసం కాక దానికోసమే చేయాలి. ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుందనే గిరి ఒకటి ఉండాలి, ఆ గిరి లోపల అందరూ ఇష్టపడి ఒప్పుకున్న నియమాలుండాలి. ఇవి ఉంటే నవ్వు ఉన్నా లేకపోయినా అది ఆటే. చదరంగం బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి మొహాలు చూస్తే నవ్వు ఎక్కడుంటుంది?

ఈ లక్షణాలను తేటగా విడమరిచి చెప్పినవాడు డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌజింగా. ఆయన పుస్తకం 'హోమో లూడెన్స్' 1938లో వచ్చింది. పేరుకు అర్థం 'ఆడే మనిషి'. మనిషిని తెలివిగల జీవి అన్నారు, పనిముట్లు చేసే జీవి అన్నారు, ఆడే జీవి అనడానికీ అంతే హక్కుందని ఆయన వాదం. తీరిక దొరికాక మనిషి ఆటలు కల్పించుకున్నాడని మనం అనుకుంటాం. హౌజింగా దాన్ని తిరగేశాడు. మనిషి సంస్కృతి తొలినాళ్ళలో ఆటగానే నడిచిందనీ, న్యాయస్థానంలో వాదం, కవుల పోటీ, పొడుపుకథల్లా సాగిన తత్వచర్చ, పండుగల తంతు, ఇవన్నీ ఆట ఒడిలోనే పెరిగాయనీ అన్నాడు.

మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. హౌజింగా చదువు మొదలైంది సంస్కృతంతో. 1897లో ఆయన డాక్టరేటు కోసం రాసిన సిద్ధాంత వ్యాసం భారతీయ నాటకంలో విదూషకుడి మీద. ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రాచీన భారత సాహిత్యం గురించి ఉపన్యాసాలిచ్చాడు. అటుపైన యూరపు మధ్యయుగాల చరిత్రకు మళ్ళి పేరు తెచ్చుకున్నాడు. నలభై ఏళ్ళు గడిచాక ఆట గురించి పుస్తకం రాయడానికి కూర్చుంటే, వేదకాలపు యజ్ఞశాలల్లో ఋత్విక్కులు ఒకరినొకరు చిక్కుప్రశ్నలు అడుగుకునే బ్రహ్మోద్యాలు, మహాభారతంలోని ద్యూతసభ అన్నీ ఆ పేజీల్లోకి వచ్చి చేరాయి. శాకుంతలంలో విదూషకుడు మాధవ్యుడు దుష్యంతుడి వేట పిచ్చిని ఎలా ఆడిపోసుకుంటాడో గుర్తు చేసుకోండి. వేళకు తిండి లేదు, నిద్ర లేదు, గుర్రం మీద ఊగి ఊగి కీళ్ళు సడలిపోయాయని రాజు మొహం మీదే గోల పెడతాడు. సేనాపతికి ఆ చనువు లేదు. విదూషకుడు ఆట గిరి లోపల నిలబడి మాట్లాడుతున్నాడు గనుకనే ఆ మాట చెల్లుతుంది. పాతికేళ్ళ వయసులో ఆ పాత్రను శ్రద్ధగా చదివిన కుర్రవాడే అరవై దాటాక ఆటకు అంత పెద్ద పీట వేశాడంటే, ఈ రెంటి మధ్య తెగని దారమేదో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆయన ఈ ఆలోచనకు రూపమిచ్చిన కాలం కూడా మరిచిపోకూడదు. 1933 ఫిబ్రవరిలో, లైడెన్ విశ్వవిద్యాలయానికి రెక్టరుగా ఉన్నప్పుడు, సంస్కృతిలో ఆటకూ గంభీరతకూ మధ్య హద్దు ఎక్కడుందన్న విషయం మీద ప్రసంగించాడు. హిట్లరు గద్దెనెక్కి అప్పటికి పట్టుమని పది రోజులు కూడా కాలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో లైడెన్‌లో అంతర్జాతీయ విద్యార్థి సమావేశం జరిగితే, యూదుల మీద విషం కక్కే కరపత్రం రాసిన జర్మన్ బృంద నాయకుణ్ణి విశ్వవిద్యాలయంలో ఉండవద్దని పంపించేశాడు. 1942లో జర్మన్ సేనలు ఆయన్ని బందీగా పట్టుకెళ్ళాయి. కొన్ని వారాల తర్వాత వదిలిపెట్టినా లైడెన్‌లో అడుగు పెట్టనివ్వలేదు. డే స్టేఖ్ అనే పల్లెలో తలదాచుకుని 1945 ఫిబ్రవరి 1న కన్నుమూశాడు. మూడు నెలలు బతికి ఉంటే దేశానికి విముక్తి రావడం చూసేవాడు.

కవాతులు, జెండాలు, నినాదాలు, ఒకే రంగు చొక్కాలు పైకి చూడటానికి ఆటలాగే కనిపిస్తాయి. వాటిలో ఆట లేదనే హౌజింగా తేల్చి చెప్పాడు. పెద్దవాళ్ళు కుర్రతనపు ఆవేశాన్ని అరువు తెచ్చుకోవడమే అదంతా అన్నాడు. ఆటలో ఎదుటివాడు నాకు సమానుడు. వాడు గెలవవచ్చు, గెలిస్తే నేను ఒప్పుకోవాలి. ఎదుటివాణ్ణి మనిషిగానే లెక్కచేయని చోట ఎన్ని డప్పులు మోగినా ఆట లేదు. 'లూడిక్' అనే మాటను తేలిక సరదా అనే అర్థంలో వాడేవాళ్ళు, అది ఎలాంటి చీకట్లో ఎవరి చేతిలో పదునెక్కిందో ఒకసారి తలచుకోవాలి.

ఆట మనిషికి ముందే ఉంది. ఇది కూడా ఆయన మాటే. రెండు కుక్కపిల్లలు పెనుగులాడుతుంటే చూడండి. ముందు కాళ్ళు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, తోక ఊపుతుంది ఒకటి. ఆ వంగడం ఒక పిలుపు, ఒక హామీ. తర్వాత మెడ కొరికినా చెవి లాగినా రెండోది నిజంగా కోపం తెచ్చుకోదు. మానవశాస్త్రజ్ఞుడు గ్రెగరీ బేట్సన్ 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జంతుప్రదర్శనశాలలో కోతులు ఇలా ఆడుకోవడం గమనించి, 'ఇది ఆట' అని ఒకదానికొకటి చెప్పుకోగల శక్తి వాటికుందని గుర్తించాడు. కొరికినట్టు చేస్తాను, అది కాటు కాదు, అయినా కాటు సంగతి మనిద్దరికీ తెలుసు. మాట పుట్టకముందే ఇంత సున్నితమైన ఒప్పందం ఉందన్నమాట. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త 1990లలో ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి చూశాడు. మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ దగ్గర అవి కిచకిచలాడాయి, చక్కిలిగింత పెట్టిన చేతి వెంట మళ్ళీ మళ్ళీ పరిగెత్తాయి.

వీధి పిల్లల దగ్గరికి వద్దాం, అసలు విద్య అక్కడుంది. దాగుడుమూతలు మొదలుపెట్టే ముందు పంటలు వేస్తారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా విడదీసి, కొందరు అరచెయ్యి బోర్లా, కొందరు వెల్లకిలా పెడతారు. విడిగా పడ్డ చెయ్యి పంట. ఆ పిల్ల గట్టెక్కింది, పక్కకు తప్పుకుంటుంది. ఇంకొకరు వచ్చి చేరతారు. ఇలా చివరికి మిగిలినవాడు దొంగ. దొంగ కావడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా పంటల్లో తేలాక కాదనడు. పెద్దవాళ్ళెవరూ పక్కన లేరు, పుస్తకంలో రాసి లేదు, బెత్తం లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే 'టాంప్లీజ్' అని ఆగుతారు. ఆ క్షణంలో దొంగ పక్కనే ఉన్నా ముట్టుకోడు. గిరి బయటికి వెళ్ళిన మనిషిని ముట్టుకుంటే అది లెక్కలోకి రాదు. తప్పు జరిగితే 'తూచ్' అంటారు, జరిగింది జరగనట్టే. పెద్దల లోకంలో ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి లాయరు నోటీసులు కావాలి.

'తొండి' అనే అరుపు లేకుండా ఏ ఆటా పూర్తి కాదు. తొండి ఆడేవాడికీ ఆట చెడగొట్టేవాడికీ ఉన్న తేడాను హౌజింగా ఎంతో శ్రద్ధగా వివరించాడు. తొండి ఆడేవాడు నియమాన్ని పాటిస్తున్నట్టు నటిస్తాడు. ఆ నటనతోనే నియమం ఉందని ఒప్పుకుంటున్నాడు, ఆట ఎలాగోలా నిలుస్తుంది. 'బ్యాటు నాది, నేను పోతున్నా' అని ఇంటిముఖం పట్టేవాడు అందరూ కలిసి కట్టుకున్న లోకాన్నే కూల్చేస్తాడు. పిల్లలకు ఇది చెప్పకుండానే తెలుసు. తొండి వాణ్ణి సాయంత్రం తిట్టి పొద్దున్నే పిలుస్తారు. బ్యాటు పట్టుకుపోయినవాణ్ణి పిలవడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది.

వీటన్నిటిలోకీ నాకు అబ్బురంగా తోచేది ఆటలో అరటిపండు. అక్క ఆడుకోవడానికి బయల్దేరితే ఇంట్లో చిన్నదాన్ని వెంట తీసుకెళ్ళమంటారు. నాలుగేళ్ళ పిల్ల. పరిగెత్తలేదు, నియమం తెలియదు, వద్దంటే ఏడుస్తుంది. అప్పుడు పిల్లలంతా కలిసి ఒక తీర్మానం చేస్తారు, అది అరటిపండు. ఆ పిల్ల అందరితో పాటు పరిగెడుతుంది, దాక్కుంటుంది, దొరికిపోతుంది. ముట్టుకున్నా దొంగ కాదు. పంటలు వేసేటప్పుడు కూడా చేతులు చాపుతుంది, ఆ చెయ్యి ఎలా పడ్డా ఒకటే. తను ఆడుతున్నానని ఆ పిల్లకు పూర్తి నమ్మకం. తను లెక్కలో లేదని తక్కిన అందరికీ తెలుసు, ఒక్కరూ ఆ మాట పైకి అనరు. దొంగగా ఉన్నవాడు కూడా దాన్ని చూసీ చూడనట్టు రెండు అంగలు దాని వెంటపడి, అందక ఆగిపోయినట్టు ఆగుతాడు. పెద్దవాళ్ళం ఈ పలుకుబడిని ఎత్తుకొచ్చి, మాట చెల్లని మనిషిని తీసిపారేయడానికి వాడుకుంటున్నాం. పిల్లల దగ్గర అది చిన్నదాన్ని బయట నిలబెట్టకుండా కనిపెట్టిన మర్యాద. అందుకోసం ఏ నియమాన్నీ రద్దు చేయలేదు, ఒక్క మనిషి కోసం కొత్త నియమం చేర్చారంతే. ఏ శాసనసభకైనా ఇంతకు మించిన పని ఏముంటుంది?

అరటిపండు ఎప్పుడు మామూలు ఆటగత్తె అవుతుందన్నది కూడా వాళ్ళే చూసుకుంటారు. ఒకరోజు అక్క దొంగ కావడం ఇష్టం లేక చెల్లెల్ని ముందుకు తోస్తుంది, లేదా చెల్లెలే 'నేను కూడా దొంగనవుతా' అని మొండికేస్తుంది. దొంగ కావడమే ఆ పిల్లకు ఆ పూట పెద్ద గౌరవం.

కవుల ఆట మరో తీరు. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు తన కథ చెబుతాడు. ప్రియురాలి ముద్దులకు పెదవులు గాయపడ్డాయి గనుక పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ పలకలేడు. పకార బకార మకారాలు లేకుండానే కథంతా నడుస్తుంది. నియమం కఠినం, దానికి కవి చెప్పిన కారణం మధురం. మన కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేసి అభినవ దండి అనిపించుకున్నాడు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణంగానూ భారతంగానూ నడుస్తుంది. ఫ్రాన్సులో 1960లో కొందరు రచయితలు, గణితజ్ఞులు చేరి 'ఊలిపో' అనే కూటమి పెట్టి ఇలాంటి నియమాలతో సాహిత్యం రాయడం మొదలుపెట్టారు. ఆ కూటమిలో చేరిన జార్జ్ పెరెక్ 1969లో ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే 'e' అక్షరం ఒక్కచోట కూడా లేకుండా మూడు వందల పేజీల నవల రాశాడు. పెరెక్ తండ్రి 1940లో యుద్ధంలో చనిపోయాడు, తల్లిని 1943లో ఆష్విట్జ్‌కు తరలించారు. ఆ నవలలో లేని అక్షరం లేకుండా పోయిన మనుషుల జాడేనని చాలామంది విమర్శకులు చదువుకున్నారు. 'లూడిక్' అన్న విశేషణాన్ని ఆ నవలకు వాడని విమర్శకుడు ఉండడు. అక్కడ ఆ మాటకు అర్థం సరదా అంటే ఎవరి మనసు ఒప్పుకుంటుంది? చెప్పలేని దుఃఖానికి ఒక గిరి గీసి, ఆ గిరి లోపల మాత్రమే నోరు విప్పగలిగాడు ఆ మనిషి.

మన అవధానం దీనికి ఎదురు కొస. అక్కడ కాగితం లేదు, కలం లేదు, కొట్టివేత లేదు. దత్తపదిలో పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. అందులో 'కారు' ఉందనుకోండి, అవధాని దాన్ని 'వారు మనవారు కారు' అన్న చోట ఒదిగించి దాటేస్తాడు. రోడ్డు మీది కారు కౌరవసభలో ఇట్టే మాయమవుతుంది. నిషిద్ధాక్షరి ఇంకా గడ్డు. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఏది రాబోతోందో పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని నిషేధిస్తాడు. అవధాని దారి మార్చి మరో అక్షరం వేస్తాడు, మళ్ళీ అడ్డు. ఆ తోవ మూసిన మనిషి కవికి శత్రువు కాడు. ఎంత గట్టిగా మూస్తే పద్యానికి అంత వన్నె. పృచ్ఛకుడు ఉదారంగా వదిలేస్తే సభకు విసుగు పుడుతుంది. ఈలోగా అప్రస్తుత ప్రసంగి లేచి, పద్యం సగంలో ఉండగా, మీ ఇంట్లో వంట ఎవరిది అని అడుగుతాడు. దానికీ చమత్కారంగా జవాబు చెప్పి, విడిచిన అక్షరం దగ్గరికే వచ్చి నిలబడాలి. విదూషకుడి చనువు ఇక్కడ అప్రస్తుత ప్రసంగికి దక్కింది.

ఈ విద్యను ఊరూరా తిప్పి సంస్థానాలను ఊపేసినవాళ్ళు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, హౌజింగా ఇద్దరూ 1872లోనే పుట్టారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసే అవకాశం లేదు గానీ, కవిత్వం పోటీగా, సవాలుగా, సభగా పుట్టిందని ఆ డచ్చి పండితుడు రాసుకున్న దానికి ఇంతకన్న సజీవమైన సాక్ష్యం దొరికేది కాదు. సంస్కృతంలోనూ తెలుగులోనూ తమను గెలిచినవాడు వస్తే తీసేస్తామని సవాలు విసిరి మీసాలు పెంచిన కవులు వాళ్ళు. ఆ మీసం వెనక అహంకారం ఉందని నొచ్చుకున్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నాకైతే అందులో ఎదుటి పండితుడికి ఇచ్చిన ఆహ్వానమే కనిపిస్తుంది. నువ్వు గెలవవచ్చు, రా, అని పిలవడం.

ఇప్పుడు ద్యూతసభ. నన్నయ సభాపర్వం చదివిన ప్రతి తెలుగువాడికీ ఆ సన్నివేశం తెలుసు. పాచికలున్నాయి, సభ ఉంది, నియమాలున్నాయి, సాక్షులున్నారు. ఆట మాత్రం లేదు. పిలిస్తే కాదనలేని కట్టుబాటుతో ధర్మరాజు వచ్చి కూర్చున్నాడు, కనుక దిగడంలో ఇష్టం లేదు. పాచిక ఎలా పడాలో శకునికి ముందే తెలుసు, కనుక ఫలితంలో అనిశ్చయం లేదు. పణం గిరి దాటి రాజ్యానికి, తమ్ములకు, భార్యకు పాకింది, కనుక ఆట ముగిశాక ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళే వీలు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ధర్మరాజు లేచి పోలేకపోయాడు. తూచ్ అనలేకపోయాడు. తాను ఓడి నన్ను ఒడ్డాడా, నన్ను ఒడ్డి తాను ఓడాడా అన్న ద్రౌపది ప్రశ్న ఒక్కటే ఆ సభలో నియమాన్ని నిజంగా పట్టించుకున్నది. ఆటను ఆటగా గౌరవించిన మనిషి ఆ సభలో ఆవిడే.

ఈ కొలత చేతికి దొరికాక మన ఫోన్లవైపు చూస్తే గుండె బరువెక్కుతుంది. 2020 లాక్‌డౌన్‌లో దూరాన ఉన్న తోబుట్టువులు ఫోన్లో లూడో ఆడుకుని ఊపిరి పీల్చుకున్నారు. అది మంచి ఆటే. అదే తెర మీద డబ్బు ఒడ్డే ఆటలు వచ్చి ఎన్ని ఇళ్ళను అప్పుల్లో ముంచాయో పత్రికలు చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ వాటిని నిషేధిస్తూ చట్టాలు సవరించుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. చట్టం అవసరమే. ఆడుతున్న కుర్రవాడికి మాత్రం చట్టం కన్నా ముందు ఎవరైనా పక్కన కూర్చుని, 'ఇందులోంచి నువ్వు ఇప్పుడు లేవగలవా?' అని అడగడం అవసరం. లేవలేకపోతే అది ఆట కావడం ఎప్పుడో మానేసింది.

డబ్బు లేని చోట కూడా ఆట తొడుగు ఒకటి తిరుగుతోంది. పాఠం చదివితే నక్షత్రం, వరసగా ఇన్ని రోజులు చదివితే పతకం, ఒక్కరోజు మానితే ఆ వరస సున్నా. సామాను చేరవేసే కుర్రవాళ్ళ ఫోన్లో ఇంకో మూడు డెలివరీలకు ఇంత బోనసు అని గీత నిండుతూ ఉంటుంది. చూడటానికి ఆటలాగే ఉంటుంది. ఆ గీత ఎంత పొడుగుండాలో అతను నిర్ణయించలేదు, రేపు దాన్ని పొడిగిస్తే అడగలేడు, వానలో టాంప్లీజ్ అనలేడు. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళు కూడా పని మధ్యలోనే ఆడుతూ పాడుతూ ఉండేవాళ్ళు. నడుములు విరిగే పని అది, పాట వల్ల కూలి పెరిగింది లేదు, దాన్ని అందంగా చేసి చూపించడం నాకు ఇష్టం లేదు. అయినా ఒకావిడ ఎత్తుకుంటే వరసంతా అందుకునే ఆ పాటను ఎత్తాలో మానాలో, ఎవరిని ఆటపట్టించాలో వాళ్ళ ఇష్టం. గట్టు మీది ఆసామి కూడా ఒక్కోసారి ఆ పాటలోకి ఎక్కేవాడు, కోపం తెచ్చుకోకూడదు. పనిలో ఆ కాస్త మేర వాళ్ళ సొంతం. ఫోన్లో నిండే గీతలో అతని సొంతమైనది ఒక్క గోరంత కూడా లేదు. ఆట ఎవరి చేతిలో ఉందన్నదే చివరికి తేల్చుకోవలసిన సంగతి.

పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరీ పదునుగా తగులుతుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది. దాని 31వ అధికరణం విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులంటుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా చదువు ఆటపాటలతోనే సాగాలంది. జర్మనీలో ఫ్రేబెల్ 1837లో చెక్క దిమ్మెలతో, బంతులతో పిల్లల బడి మొదలుపెట్టిన నాటి నుంచి విద్యావేత్తలు అడుగుతూ వచ్చినదే ఇది. కాగితం మీద ఇంతకన్న మంచి మాటలు రాయలేం.

ఆచరణ రెండు చోట్ల చిక్కుకుంటోంది. మొదటిది అందరికీ కనిపించేదే. ఎనిమిదో తరగతి నుంచే పోటీ పరీక్షల శిక్షణ మొదలుపెట్టి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదువు గంటలు పేర్చే బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొల్లలు. అపార్ట్‌మెంటులో నడిచే కాలేజీకి ఆటస్థలం ఎక్కడిది? డాబా మీద గ్రిల్లు వెనక నిలబడి కింద వీధిలో క్రికెట్టు చూసే పదహారేళ్ళ పిల్లలను మన నగరాల్లో ఎవరైనా చూడవచ్చు. ఆ పిల్లలు కోల్పోతున్నది వ్యాయామం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఓడిపోయి, తిట్టుకుని, మర్నాడు మళ్ళీ కలిసే అలవాటు వాళ్ళకు దొరకడం లేదు. వాళ్ళకు తెలిసిన ఓటమి ఒక్కటే, ర్యాంకు. దానికి తూచ్ లేదు. ఆ ఓటమిని మోయలేక ఏటా కొందరు పిల్లలు మనకు లేకుండా పోతున్నారు. ఫలితాలు వచ్చే వారమల్లా కన్నవాళ్ళు బిక్కుబిక్కుమంటూ గడుపుతున్నారు.

రెండో చిక్కు మంచి ఉద్దేశంతోనే వస్తోంది. ఆటతో చదువు చెప్పాలని పాఠ్యప్రణాళికలో రాశాక, ఏ ఆట, ఎన్ని నిమిషాలు, దాని వల్ల ఏ సామర్థ్యం పెరగాలి అని పట్టిక వస్తుంది. టీచరమ్మ పట్టిక పట్టుకుని నిలబడుతుంది. పూసలు గుచ్చమంటే పిల్లలు పూసలు గుచ్చుతారు. ఒక పిల్ల ఆ పూసలను ఎర్రవీ పచ్చవీ వేరుచేసి పెళ్ళివారు, విడిదివారు అని పేర్లు పెట్టి భోజనాలకు కూర్చోబెడుతుంది. పట్టికలో ఆ గడి లేదు. ఆ పూట ఆ తరగతిలో ఆడింది ఆ పిల్ల ఒక్కతే. ఆజ్ఞ మీద ఆడేది ఆట కాదని హౌజింగా పుస్తకం మొదట్లోనే రాశాడు. అలాంటి పిల్లను కసరకుండా, విడిదిలో ఇంకో పంక్తి వేయవచ్చా అని అడిగే టీచరమ్మలు మన అంగన్‌వాడీల్లో ఉన్నారు. వాళ్ళకు శిక్షణలో ఎవరూ నేర్పని తెలివి అది. వాళ్ళ జీతాల గురించి, వాళ్ళ మీద పడే సర్వేల బరువు గురించి మాట్లాడేటప్పుడు ఈ పని కూడా లెక్కలోకి రావాలి.

ప్రభుత్వ బడుల టైంటేబులులో గేమ్స్ పీరియడు ఇంకా ఉంది. పదో తరగతికి వచ్చేసరికి దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేయడం ఆనవాయితీ అయింది. సిలబసు పూర్తి కావాలన్న ఆత్రుత ఆ మాస్టారిది, దాన్ని తప్పుపట్టను. వచ్చే జూన్‌లో టైంటేబులు వేసేటప్పుడు ప్రధానోపాధ్యాయులు ఆ నలభై నిమిషాలను మాత్రం ఎవరికీ అప్పగించకుండా ఉంచాలి. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడిలో ఎవరో ఒక మాస్టారు అక్కడ ఉంటే చాలు, ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకోవడానికి. బంతి ఒకటి, తాడు ఒకటి ఇచ్చి వదిలేస్తే సరిపోతుంది. ఏ ఆట ఆడాలో, ఎవరు దొంగో, ఎవరు అరటిపండో పిల్లలు తేల్చుకుంటారు.